సైకిలుకు పెడలు పెట్టిన దెవరు?

ఫ్రాన్సు దేశపు ఈశాన్యభాగమున బార్-ల్-డ్యూక్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1894వ సంవత్సరమున నెలకొల్పిన స్మారకచిహ్నము మీద రాజు లేడు, సేనాపతి లేడు, మతాచార్యుడు లేడు. ఉన్నవాడొక బాలుడు, వానితో రెండు చక్రముల బండి. పియేర్ మిషో, ఎర్నెస్ట్ మిషో అను తండ్రీకొడుకుల పేర్లు దానిపై చెక్కి, పెడలుగల వెలాసిపేడును కనిపెట్టినవారును, వ్యాపింపజేసినవారును వీరే యని వ్రాసినారు. వెలాసిపేడు అనునది సైకిలునకు పూర్వనామము. ఇనుము కొట్టి బ్రదికిన యొక కమ్మరికి పుట్టినయూరు ఇట్టి గౌరవము చేసినదని విన్నప్పుడు మనసునకు సంతోషము కలుగును. కాని ఆ శాసనమున చెప్పిన రెండు బిరుదములలో మొదటిది నిజమా? వారు పెడలును నిజముగా కనిపెట్టినవారేనా? ఈ ప్రశ్న నూఱేండ్లు దాటినను చల్లారలేదు.

నేను తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను. యంత్రశాస్త్రము చదివినవాడను కాను. గంటకింత యని అద్దెకు తెచ్చిన సైకిలుపై, కాళ్లందక, చట్రములోనుండి కాలు దూర్చి త్రొక్కుట నేర్చుకొన్న వేలకొలది పిల్లలలో నేనొకడను. ఆ సైకిలుతో నాకున్న చుట్టఱికమంతయు నింతే. అయినను ఈ వివాదము నన్నాకర్షించినది. క్రీడాభిరామమును వల్లభరాయడు రచించెనా, శ్రీనాథుడు రచించెనా యని మన పండితులు పుటలకు పుటలు వ్రాసిరి. గ్రంథమున నొకని పేరున్నను శైలి వేఱొకని పట్టియిచ్చుచున్నదని యొక పక్షము. పేరున్నవానిని కాదనుటకు మన కేమి యధికారమని వేఱొక పక్షము. పద్యమునకు వచ్చిన చిక్కే వస్తువునకును వచ్చును. అయితే కృతికర్తృత్వము పోయిన కవికి కీర్తి మాత్రమే పోవును. వస్తువుపై హక్కు పోయిన పనివానికి కూడు కూడ పోవును. మిషో కథలో ఈ రెండు నష్టములును కలవు.

పెడలు లేని బండి ముందే యుండెను. 1817 జూన్ 12వ తేదీన జర్మనీలోని మాన్‌హైమ్ నగరమునుండి కార్ల్ ద్రాయిస్ అను ప్రభువంశీయుడు ఒక కొయ్యబండి నెక్కి బయలుదేరెను. ముందొక చక్రము, వెనుక నొక చక్రము, నడుమ నొక దూలము, దానిపై కూర్చుండుటకు మెత్త. త్రొక్కుట కేమియు లేదు. ఎక్కినవాడు రెండు కాళ్లతో నేలను తన్నుకొనుచు పరుగెత్తవలెను. ఆయన సుమారు ఏడు కిలోమీటర్ల దూరమున నున్న అంచెపట్టు వఱకు పోయి, గంట తిరుగకముందే తిరిగి వచ్చెనట. కొన్నేండ్లు ఆ బండి యూరోపున వేడుకగా తిరిగినది. పాదచారులకు అడ్డమగుచున్నదని పలు నగరములు దానిని నడకదారులపై నిషేధించినవి. వేడుక తీరినది. బండ్లు కొట్లలో మూలబడినవి. రెండు చక్రములమీద మనుష్యుడు పడిపోక పోగలడని ద్రాయిస్ చూపెను. నేలకు కాలు తగిలింపకయే పోగలడను సంగతి లోకమునకు తెలియుటకు దాదాపు అర్ధశతాబ్ది పట్టినది.

పియేర్ మిషో 1813లో బార్-ల్-డ్యూక్‌లో జన్మించెను. గుఱ్ఱపు బండ్లకు కావలసిన ఇనుపపని ఆయన వృత్తి. పారిసు చేరి, షాంజెలిజే వీధికి సమీపమున కొలిమి పెట్టుకొనెను. ధనికుల బండ్లు తిరుగు ప్రాంత మగుటచే పనికి కొదువ లేదు. కుటుంబమువారు చెప్పుకొను కథ ఇట్లున్నది. 1861 మార్చిలో బ్రూనెల్ అను టోపీల వర్తకుడు తన పాత ద్రాయిస్ బండిని బాగుచేయుటకై తెచ్చెను. పందొమ్మిదేండ్ల ఎర్నెస్ట్ దానిని వీధిలో నడిపిచూచి, వాలున పోవునపుడు కాళ్లు పైకెత్తి పట్టుకొనుట కష్టముగా నున్నదని తండ్రితో ననెను. కాళ్లు పెట్టుకొనుటకు ఆధారము చేయుదమని తండ్రి తొలుత తలచెను. పిదప, సానరాతిని పిడిపట్టి త్రిప్పునట్లే ముందుచక్రపు ఇరుసునకు వంకర కడ్డీ బిగించి కాళ్లతో ఏల త్రిప్పరాదని తోచినదట. అట్లు పెడలు పుట్టినది.

కథ బాగున్నది. కొలిమి పనివానికి సానరాయి జ్ఞప్తికి వచ్చుట కంటె సహజమేమున్నది? కాని దీనిని లోకమునకు చెప్పినవాడు పియేర్ కాడు, ఎర్నెస్ట్ కాడు. పియేర్ యొక్క మఱియొక కుమారుడు హెన్రీ 1893లో దీనిని బయటపెట్టెను. అప్పటికి ముప్పది రెండేండ్లు గడచినవి. తండ్రియు అన్నయు గతించిరి. 1861లోనే పెడలుబండి చేసితిమని చూపుటకు ఆనాటి పద్దుకాగితము గాని, పత్రికావార్త గాని నిలువలేదు. 1868 ఏప్రిలులో పియేర్ మిషో తీసికొన్న పేటెంటు సైతము బండిలో చేసిన మెఱుగులకు సంబంధించినదే. చరిత్రకారుల సందేహమునకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము పియేర్ లాల్మాన్ అను మఱొక పనివాడు. ఇతడు 1843లో నాన్సీ నగరమునకు సమీపమున నున్న పోన్తామూసోన్‌లో పుట్టెను. 1862లో నాన్సీ వీధిలో ఒకడు ద్రాయిస్ బండిపై పోవుచుండగా చూచితిననియు, దానికి పెడళ్లు అమర్చవలెనను తలపు తనకప్పుడే కలిగినదనియు ఇతడు చెప్పుకొనెను. మరుసటి యేడు పారిసు చేరి, పిల్లల త్రోపుడుబండ్లు చేయు కర్మశాలలో కూలికి కుదిరి, తీరికవేళల తన బండి తయారుచేసి త్రొక్కి చూచెను. 1865లో దాని భాగములను వెంటబెట్టుకొని అమెరికా పోయి, కనెక్టికట్ రాష్ట్రమునందలి ఆన్సోనియాలో పనికి చేరెను. అచ్చట బండి పూర్తిచేసి వీధులలో తిరుగుచుండగా, ఒక సాయంకాలము కొండవాలున బండి పట్టు తప్పి దొర్లెను. దానికి బ్రేకు లేదు. ముందు పోవుచుండిన గుఱ్ఱపుబండివారు వెనుక దయ్యము తఱుముచున్నదని బెదరి పాఱిపోయిరట. 1866 నవంబరు 20వ తేదీన, న్యూహేవన్ వాసి జేమ్స్ కారల్‌ను భాగస్వామిగా చేర్చుకొని, లాల్మాన్ అమెరికా ప్రభుత్వమునుండి పేటెంటు పొందెను. పెడలుగల రెండుచక్రముల బండికి కాగితముపై దొరకు తొలి హక్కుపత్రము ఇదియే. పటము, వివరణ, తేది, పేరు అన్నియు నిందున్నవి. పేరు మిషోది కాదు.

ఇక మిషో కర్మశాలను గొప్ప సంస్థగా జేసినవారు వేఱు. లియోన్ ప్రాంతపు ధనిక కుటుంబమునకు చెందిన మారియూస్, ఎమే, రెనే ఒలివియేలు మువ్వురు సోదరులు. ఎమే, రెనే పారిసులో ఎకోల్ సెంత్రాల్ అను యంత్రశాస్త్ర కళాశాలలో చదివిరి. 1865 ఆగస్టులో వీరిద్దరును, సహాధ్యాయి యగు జార్జ్ ద లా బూగ్లీజును పెడలుబండ్ల నెక్కి పారిసునుండి అవిన్యోన్ దిక్కునకు బయలుదేరిరి. ఎనిమిది దినములపాటు సాగిన యాత్ర అది. ఆనాటి బాటలు రాళ్లబాటలు. బండి చక్రములకు రబ్బరు లేదు. ఆ ప్రయాణమున వారి యొడలెంత నొచ్చెనో గాని, ఈ బండి ఆటవస్తువు కాదని మనసునకు మాత్రము రూఢి యయ్యెను. 1868 మే నెలలో సోదరులు పెట్టుబడి పెట్టి, మిషోతో కూడి 'మిషో అండ్ కంపెనీ' స్థాపించిరి. ధనము వారిది, పేరు కమ్మరిది. పేరునకు విలువ యుండబట్టియే దానిని నిలిపిరి.

ఆ బండి యెట్లుండెనో చెప్పక పోయిన ఈ కథ తెలియదు. నేటి సైకిలులో పెడలు చట్రము నడుమ నుండి, గొలుసుద్వారా వెనుకచక్రమును త్రిప్పును. మిషో బండికి గొలుసు లేదు. పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే బిగింపబడి యుండెను. అవి యొక చుట్టు తిరిగిన చక్రమొక చుట్టే తిరుగును. చక్రపు అడ్డుకొలత ఒక మీటరైనచో బండి మూడు మీటర్లకు కొంచెము పైగా సాగును, అంతకుమించి సాగదు. వేగము కావలెనన్న చక్రమును పెద్దది చేయుటయే మార్గము. తరువాతి కాలమున ముందుచక్రము మనిషి రొమ్మెత్తు వఱకు పెరుగుటకు మూలమిదియే.

చక్రములు కొయ్యవి, ఆకులు కొయ్యవి, చుట్టును ఇనుప పట్టా; మన యెద్దుబండి చక్రమువలెనే. చట్రము తొలుత పోత యినుముతో, పామువలె వంపుతిరిగి యుండెను. పోతచట్రములు బరువునకు ఆగక విరుగుచుండుటచే, కొట్టి సాగదీసిన యినుముతో ముందునుండి వెనుకకు ఏటవాలుగా చట్రము చేయసాగిరి. పొడవైన ఇనుప స్ప్రింగుమీద జీను; హేండిలును చేతిలో మెలిత్రిప్పిన త్రాడు చుట్టుకొని వెనుకచక్రమును అదుము బ్రేకు. మొత్తము బరువు సుమారు 30 కిలోలు. వెల సుమారు 250 ఫ్రాంకులు. సామాన్య కార్మికుని కూలి దినమునకు కొలది ఫ్రాంకులే యైన దినములవి. కనుక కొన్నవారు ధనికులు, విద్యార్థులు, వేడుకకాండ్రు. ఇంగ్లండువారు దీనికి ఎముకలను గిలక్కొట్టు బండియని హాస్యముగా పేరు పెట్టిరి. ఎక్కినవారు నవ్వుచునే యెక్కిరి. సర్కసువారును, చిత్రకారులును, వ్యంగ్యపత్రికలవారును దీనిని వదలలేదు.

1868, 69 సంవత్సరములలో ఫ్రాన్సును ఈ పిచ్చి ఊపివేసెను. నేర్పు శాలలు వెలసినవి. పత్రికలు పుట్టినవి. 1868 మే 31వ తేదీన పారిసు చెంత సాన్-క్లూ ఉద్యానమున పందెములు జరిగినవి. పారిసులో నివసించుచుండిన జేమ్స్ మూర్ అను ఆంగ్ల యువకుడు లోకమున తొలి సైకిలుపందెము గెలిచెనని చిరకాలము చెప్పుకొనిరి. ఆనాడు మూర్ గెలిచిన పందెమునకు ముందే మఱొకటి జరిగియుండెనని నేటి పరిశోధకులు చూపుచున్నారు. చూడుడు, ఈ బండి చరిత్రలో 'మొదట' అను మాట ఎచ్చట పెట్టినను నిలుచుటలేదు! 1869 నవంబరు 7వ తేదీన పారిసునుండి రువాన్ వఱకు 123 కిలోమీటర్ల పందెము జరిగెను. ఇది మూర్ గెలిచినదనుటలో వివాదము లేదు. పదునొకండు గంటలు నిండకముందే ఆయన గమ్యము చేరెను. ఇనుప గోళీల బేరింగులు అమర్చిన బండి ఆయనది. నూఱుమందికి పైగా పేర్లిచ్చిన ఆ పందెమున స్త్రీలును పాల్గొనిరి. 'మిస్ అమెరికా' అను మారుపేరుతో పోటీచేసిన యొక వనిత గమ్యము చేరినవారిలో నొకతె. ఒక వేడుకబండి దూరప్రయాణపు వాహనమైనదని లోకము నమ్మిన దిన మది.

ఆ దినమునాటికి మిషో ఆ సంస్థలో లేడు. కమ్మరికిని, పెట్టుబడిదారులకును సంవత్సరము తిరుగకముందే పొత్తు చెడినది. ఒలివియే సోదరులు కళాశాలలో చదివినవారు, లెక్కలు కోరువారు; మిషో కొలిమిలో తనమాటయే సాగవలెనను పనివాడు. 1869 వసంతమున సోదరులు మిషో వాటాను కొని, సంస్థ పేరు 'కొంపాన్యీ పారిజియేన్' అని మార్చిరి. పారిసు కంపెనీ యని దాని యర్థము. చేతికి ధనము వచ్చినది గాని, మిషో చేతులు ఊరకుండలేకపోయినవి. ఒప్పందమును కాదని తన పేరుతో తిరిగి బండ్లు చేయనారంభించెను. సోదరులు న్యాయస్థానమున దావా వేసిరి. మిషో ఓడెను. తన పేరుతో తన వృత్తిని తాను చేసికొనుట ఒక పనివానికి నేరమైన విచిత్ర మిది. చట్టప్రకారము తీర్పు సరియైనదే కావచ్చును. సంతకము చేసినవాడు మిషోయే. కాని ఆ సంతకము చేయునపుడు తాను అమ్ముకొనుచున్నది కర్మశాలను మాత్రము కాదు, పేరును కూడ నను సంగతి ఆ కమ్మరికి ఎంతవఱకు బోధపడియుండును?

మిషోను ఓడించిన కంపెనీయు ఎంతోకాలము నిలువలేదు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల నడుమ యుద్ధము వచ్చెను. పారిసు ముట్టడిలో చిక్కి నెలలకొలది ఆకలితో మాడెను. వేడుకలు కొనువారెవరు? కొలుములు ఫిరంగులకు పనిచేయవలసివచ్చెను. 1874 ప్రాంతమున పారిసు కంపెనీ మూతపడెను. ఈ లోపల ఫ్రాన్సు అంగళ్లకై పెడలుబండ్లు చేయించు ఉద్దేశముతో రౌలీ టర్నర్ అనువాడు ఇంగ్లండులోని కవెంట్రీ నగరమునకు ఒక బండిని కొనిపోయియుండెను. అచ్చటి కుట్టుమిషన్ల కర్మాగారము 1869లో పేరు మార్చుకొని ఈ పనికి దిగెను. ఫ్రెంచి కొనుగోలుదారులు యుద్ధములో మునుగగా ఆ కర్మాగారము తన దేశమువారికే బండ్లు చేయనారంభించెను. అచ్చటి జేమ్స్ స్టార్లీ మున్నగువారు తీగ ఆకులతో తేలికచక్రములు చేసిరి. పారిసులో పుట్టిన బిడ్డ కవెంట్రీలో పెరిగినది.

ఈ కథలోని పాత్రల చివరిదినములు వేఱువేఱుగా నున్నవి. ఎమే ఒలివియే పశ్చిమ ఆఫ్రికాకు పోయి, ఫూతా జల్లోన్ కొండలలో కాహెల్ అను ప్రాంతమును సంపాదించి, తాను దానికి రాజునని ప్రకటించుకొని, తపాలాబిళ్లలు కూడ వేయించెను. ఒలివియే ద సాండర్వాల్ అను పేరుతో 1919 వఱకు జీవించెను. పియేర్ మిషో బీదవాడై 1883లో పారిసు శివారునగల బిసేత్ర్ ధర్మాసుపత్రిలో మరణించెను. లాల్మాన్ గతియు నింతకంటె మేలు కాదు. 1868లో ఫ్రాన్సునకు తిరిగివచ్చి చూచునప్పటికి, తాను చేసిన బండివంటివి వీధివీధిని తిరుగుచుండెను. తరువాత నతని అమెరికా పేటెంటును అన్యులు కొనిరి. అది చేతులుమాఱి, చివరకు బోస్టను నగరపు సైకిళ్ల వర్తకుడు ఆల్బర్ట్ పోప్ వశమైనది. ఇతర సైకిళ్లు చేయువారినుండి పోప్ దానిపై హక్కుధనము రాబట్టెను. ఆ పోప్ కర్మశాలలోనే లాల్మాన్ కూలికి పనిచేసెను! తన తలపునకు వేఱొకడు కప్పము దండుకొనుచుండగా తాను వారపుకూలి పుచ్చుకొన్న ఆ మనుష్యుడు 1891 ఆగస్టులో, నలువది యేడేండ్ల వయసున, బోస్టనులో అనామకుడై మరణించెను.

మఱి బార్-ల్-డ్యూక్ స్మారకము ఎట్లు వచ్చినది? 1890 తరువాత సైకిలు మహావ్యాపారమై, రెండు చక్రములు సమానమై, గాలిరబ్బరుతో సుఖవాహనమైనది. అది మాదన్న మాదని దేశములు పోటీపడసాగినవి. 1893లో జర్మనులు కార్ల్స్రూహె నగరమున ద్రాయిస్‌నకు స్మారకము నిలిపిరి. స్కాట్లండువారు తమ దేశపు కమ్మరి మాక్మిలన్ పేరు చెప్పిరి. 1870 పరాజయపు గాయము మానని ఫ్రెంచివారు ఊరకుందురా? హెన్రీ మిషో వ్రాసిన కథ సరిగా ఆ సంవత్సరముననే వెలువడినది. ఒక్క యేడు తిరుగునప్పటికి స్మారకము లేచినది. ధర్మాసుపత్రిలో మరణించిన పదునొకండేండ్లకు మిషో దేశగౌరవమునకు చిహ్నమయ్యెను. బ్రదికియుండగా ఒక్క పూట కూటికి అక్కరకు రాని పేరు, చనిపోయిన పిదప దేశమునకు అక్కరకు వచ్చినది.

లాల్మాన్‌నకు విగ్రహము వేయుట కొక దేశము లేకపోయెను. పుట్టినది ఫ్రాన్సులో, పేటెంటు అమెరికాలో. అయినను నూఱేండ్ల తరువాత డేవిడ్ హెర్లిహీ మున్నగు చరిత్రకారులు పాత పత్రములు తిరుగవేసి, పెడలుబండికి తొలికర్తగా నితనిని ముందుకు తెచ్చిరి. ఇప్పుడు బోస్టనులో సైకిళ్లు పోవు బాట యొకటి యితని పేర నున్నది. విగ్రహముకంటె ఈ గౌరవమే తగినదని నాకు తోచుచున్నది.

ఇక తీర్పేమి? ఒక తలపు ఇరువురకు ఒకేకాలమున కలుగరాదను నియమము లేదు. సానరాయి పారిసులోను కలదు, నాన్సీలోను కలదు. కాని సాక్ష్యమును బట్టి చెప్పవలెనన్న, కనిపెట్టినవాడను బిరుదము లాల్మాన్ వైపే మ్రొగ్గుచున్నది. ముప్పదేండ్ల తరువాతి కుటుంబకథ కంటె ఆనాటి హక్కుపత్రము బలమైనది. మిషో వంశమువారి యభిమానమును గౌరవించుచునే ఈ మాట చెప్పవలసియున్నది. తాళపత్రము మీది తేదిని త్రోసిపుచ్చి, మనకు ప్రియమైన కథను నిలబెట్టుట పండితధర్మము కాదు.

అంతమాత్రమున మిషోకు మిగులునది స్వల్పము కాదు. స్మారకముపై చెక్కిన రెండవ మాటను చూడుడు. వ్యాపింపజేసినవాడు! లాల్మాన్ చేసిన బండ్లు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మిషో కొలిమి దానిని పదుగురు కొనదగిన వస్తువుగా జేసెను. విరిగిన చట్రమును చూచి వేఱుచట్రము చేసెను. బ్రేకు పెట్టెను. జీను క్రింద స్ప్రింగు వేసెను. ఎక్కినవాడు పడిపోక తిరిగి యింటికి చేరునట్లు చేసెను. కనిపెట్టుట ఒక క్షణపు వెలుగు. చేసిచూపుట దినదినపు చెమట. లోకము మొదటిదానికే విగ్రహములు నిలుపును గనుక, రెండవదానిని మొదటిదానిగా చెప్పవలసివచ్చినది. ఉన్న గొప్పతనము చాలదన్నట్లు లేని గొప్పతనమును తగిలించుట, ఆ కమ్మరికి ఆయన దేశము చేసిన చిన్న యన్యాయము.

ఇరువురు పియేర్‌లును చేతిపని చేసి బ్రదికినవారు. ఇరువురును తమ వస్తువుపై హక్కును అన్యుల కమ్ముకొని, బీదలై మరణించిరి. ఒకని మరణమైన పిదప ఇంకొకనితో తగవు పెట్టినవారము మనము. వారు ఎదురుపడియుండిన, బహుశః పెడలు ఎవరిదని వాదించుకొనక, చట్రము ఏచోట విరుగుచున్నదని అడిగికొనియుందురు.